లైబ్రరీ ముంగట ఉన్నానన్న కారు

వచ్చే ఆదివారం మళ్లీ పరీక్ష ఉంది కాబట్టి ఇది ఇవాళే రాయాలి. అశోక్‌నగర్ హాస్టల్లో నాతో గదిలో ఉండే లత కుడికాలికి పిండికట్టు ఉంది. నిన్న ఇద్దరికీ మొదటి పేపరు నారాయణగూడలో. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు, ఒక్కదాన్నైతే నడిచే వెళ్లేదాన్ని. లతకు ఆటోలో కాలు చాపుకోవడం కుదరదు, కారే కావాలి. తొమ్మిదిన్నరకు పరీక్ష కేంద్రం గేటు వేస్తారు. ఒక్క నిమిషం దాటినా లోపలికి రానివ్వరు.

మా గల్లీలోకి కార్లు రావు. ఎనిమిదిన్నరకు లతను చిక్కడపల్లి లైబ్రరీ గేటు దాకా మెల్లగా నడిపించుకొచ్చి కారు బుక్ చేశాను. కిరాయి నూట పది చూపించింది. మొదటి డ్రైవర్ ఫోన్ చేసి ఎక్కడికని అడిగాడు. నారాయణగూడ అనగానే అంత దగ్గరికి రానని, నన్నే క్యాన్సిల్ చేసుకోమన్నాడు. ఎవరు చేస్తే జరిమానా వాళ్లకే. నువ్వే చెయ్యన్నాను. ఇద్దరం పంతానికి పోయి పది నిమిషాలు పోగొట్టాం. పరీక్ష నాది, ఆయనది కాదు కాబట్టి చివరికి నేనే చేశాను.

తొమ్మిదికి రెండో కారు వచ్చినట్టు యాప్ చూపించింది. కారు మాత్రం కనిపించలేదు. ఫోన్ చేశాను.

“లైబ్రరీ ముంగటనే ఉన్న అక్కా. మీరేడున్నరు?”

“మేమూ లైబ్రరీ ముందరే ఉన్నామన్నా.”

“కనిపిస్తలేరు గదా.”

ఇదే మాట నాలుగుసార్లు తిరిగింది. గేటు పక్కన టీ అమ్మే పెద్దమ్మ విసిగిపోయి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

“బిడ్డా, లైబ్రరీ దాటినవా, దాటలేదా? గది చెప్పు.”

దాటాడట. ఆమె నా వైపు తిరిగింది. “నీకు ముంగటంటే గేటు కాడ. బండి నడిపేటోనికి ముంగటంటే దాటినంక. ఇద్దరూ నిజమే చెప్పుకుంట పరీక్ష పోగొట్టుకోండ్రి.”

కారు వంద అడుగుల దూరంలోనే ఉంది. వెనక బస్సులుండడంతో రివర్స్ రాలేకపోయాడు. లత కర్ర ఊతంతో అక్కడిదాకా వెళ్లి ఎక్కేసరికి తొమ్మిదీ పద్నాలుగు. తీరా చేరితే పరీక్ష కేంద్రం రోడ్డుకు అవతల ఉంది, యూటర్న్ ఎక్కడో ముందుంది, బళ్లు కదలడం లేదు. తొమ్మిదీ ఇరవై ఐదైంది.

“నువ్వు ఉరుకు. ఒక్కరమన్నా రాయాలె,” అంది లత.

తలుపు తీశాను గానీ లతను వదిలి దిగలేకపోయాను. డ్రైవర్ కారు పక్కకు ఆపి దిగాడు. రోడ్డు మధ్యలో చెయ్యెత్తి నిలబడి, డివైడర్ సందులోంచి మమ్మల్ని దాటించాడు.

“ఇది ముంగట గేటేనా, జర చూస్కోండ్రి,” అన్నాడు.

మేం లోపలికి వెళ్లగానే మా వెనకే గేటు వేశారు.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. బస్సు బోర్డు నుంచి ఆస్పత్రి చీటీ దాకా అందరికీ నేనే చదివిపెడతాను. అలాంటిది, పుట్టినప్పటి నుంచి వాడుతున్న మాటకు ఇంకో అర్థం ఉందని వేరొకరు చెబితే తెలిసింది. మీరూ ఇటు వస్తే, డ్రైవర్ ముందున్నానంటే ఒప్పుకోకండి. దాటాడో లేదో అడగండి, పక్కనున్న దుకాణం బోర్డు చదవమనండి.

రెండో పేపరు కోఠిలో. ఆ డ్రైవర్‌నే అడిగితే ఆదివారం ఊళ్లో పెళ్లి ఉందన్నాడు. పొద్దున ఎనిమిదికి, దగ్గరని ముఖం తిప్పకుండా, సరిగ్గా లైబ్రరీ గేటు దగ్గర ఆపే డ్రైవర్ ఎవరైనా తెలిస్తే శుక్రవారం, పంతొమ్మిదో తేదీ సాయంత్రంలోపు కింద రాయండి. లత కట్టు విప్పేది ఆ తర్వాతి వారమే.