రెండో కన్ను

ఇద్దరు చూడనిది జరగనట్టే. ఇదీ మా ఫకీసో మాస్టారి మతం.

వానలో తడిసి ముద్దయి క్లినిక్‌లోకి వచ్చి, "సిస్టర్ లిపువో, బయట వానేనా?" అని అడిగేవారు. నేను కిటికీ దాకా వెళ్లి చూసి అవునంటే అప్పుడు తల తుడుచుకునేవారు. కూరలో ఉప్పెక్కువైతే పక్కింటివాళ్లకి ఓ గిన్నె పంపి, వాళ్లూ మొహం చిట్లించాక భార్య మీద విసుక్కునేవారు. పెళ్ళినాడు చర్చిలో పెళ్ళికూతురు "సమ్మతమే" అనగానే ఆయన వెనక్కి తిరిగి, "చివరి వరసలో వినబడిందా?" అని అడిగారట. "ఆ పూటే బండెక్కి మా ఊరు పోవాల్సింది" అనేది ఆవిడ, ఇరవై రెండేళ్ల తరవాత కూడా.

ఈ జబ్బు ఆయనకి చంద్రుడి నుంచి అంటుకుంది.

ఏటా కొన్ని రోజులు ఉల్కలు జల్లుగా రాలతాయి కదా. ఆ రాళ్లు చంద్రుణ్ణీ వదలవు. అక్కడ గాలి లేదు కనక దారిలో కాలిపోవు, నేరుగా వచ్చి నేలని గుద్దుకుంటాయి. గుద్దుకున్న చోట ఒక మెరుపు. రెప్పపాటు కూడా ఉండదు. నెలవంక రోజుల్లో, వెలుగు పడని ఆ బూడిదరంగు భాగంలో వెతికితేనే దొరుకుతుంది. అదీ ఒక్కరికే కనబడితే చెల్లదు. కెమెరా లోపం కావచ్చు, అడ్డంగా పోయే ఉపగ్రహం తళుక్కు కావచ్చు. దూరాన ఉన్న మరొకరు అదే క్షణంలో చూసి ఉండాలి. లోయకి అటు బడి డాబా మీద ఆయన, ఇటు క్లినిక్ వరండాలో నేను. నాకు "రెండో కన్ను" అని ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు.

మొదటిసారి చూసినప్పటి సంగతి చెబుతాను. కొండల మీద ఎర్రదనం ఇంకా పోలేదు. లోయలో గొర్రెల గంటలు కూడా ఆగిపోయాయి. దుర్బిణి గొట్టంలో ఆ చచ్చిన బూడిద నేల తప్ప ఏమీ లేదు. అలా చూస్తుంటే ఆ చీకట్లో ఎవరో అగ్గిపుల్ల గీసి, నేను చూశానని తెలిసి ఊదేసినట్టయింది. ఫోన్ మోగింది. అవతలనుంచి గుసగుసగా, "చూశారా?"

"చూశాను."

"అయితే జరిగింది" అని పెట్టేశారు.

ఆ గుసగుసే ఆయన కొంప ముంచింది. నెలవంక కనబడితే చాలు, దుప్పటి నెత్తిన కప్పుకుని డాబా మీద రికార్డరులోకి గంటలూ నిమిషాలూ గొణుగుతుంటే, కింద నడిచేవాళ్లకి అది ఎవరి ఆయుష్షో లెక్కపెడుతున్నట్టుండేది. చీకటిపడే వేళ ఆడవాళ్లు ఆ దారి మానేశారు.

ఆ ఏడు డిసెంబరు జల్లు సరిగ్గా నెలవంకతో కలిసొచ్చింది. అలాంటి ఏడు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. సరిగ్గా అదే సాయంత్రం మాస్టారికి కూచునే చోట సెగ్గడ్డ పండింది.

"రెండో నర్సు కూడా చూస్తే బాగుంటుందేమో" అన్నారు బల్ల మీద బోర్లా పడుకుని.

"ఈ ఊళ్లో రెండో నర్సు లేదు. కదలకండి."

"చంద్రుడు ఉన్నాడా?"

"మబ్బు లేదు. తలెత్తకండి."

ఏడింటి నుంచి ఎనిమిదిన్నర దాకా ఆయన మొహం దిండులో, నా మొహం ఎక్కడుందో చెప్పక్కర్లేదు. ఇద్దరం చంద్రుణ్ణి చూడలేదు. నొప్పికి కన్నా దానికే ఏడ్చారాయన.

అదే సాయంత్రం, కొండ అంచున ఉండే మ్మె మామొసా, అంటే మా భాషలో మామొసా అమ్మ, గుమ్మంలో కూచుని ఆకుకూర ఏరుతోంది. లోపల రేడియోలో చావు కబుర్లు చదవడం మొదలైంది. అంటే ఏడూ నలభై. ఆవిడ చేతిలో ఆకు కిందపడేసి కోడలితో అంది: "చంద్రుడు కన్నార్పాడు. చీకటి వైపు. మన మొహావుకి ఏదో అయింది."

మర్నాడు మధ్యాహ్నం, ఆవిడ కొడుకు పనిచేసే గనినుంచి కబురొచ్చింది. ముందురోజు సాయంత్రం పైకప్పు రాయి విరిగిపడి మొహావు పోయాడు.

అంత్యక్రియల్లో ఎవరూ ఆవిడ పక్కన నిలబడలేదు. ఆవిడ కాచిన టీ ఎవరూ తాగలేదు. కబురు రాకముందే తెలిసిందంటే ఎలా తెలిసింది? నెల తిరక్కుండా మరిది మొఖాలి పంచాయితీ పెట్టించాడు. వదిన మంత్రగత్తె, కొడుకునే తినేసింది, ఊరు దాటించాలని.

గ్రామపెద్ద మొరేనా సెఖోబె పశువుల దొడ్డి గోడకి ఆనుకుని కూచున్నారు. మిట్టమధ్యాహ్నం. అయినా అందరూ దుప్పట్లు బిగించి కప్పుకున్నారు.

"చంద్రుడు ఊరందరికీ ఒక్కడే. మరి ఈవిడకే ఎందుకు కన్నార్పాడు?" అన్నాడు మొఖాలి.

"నేను చూసిందే చెప్పాను" అంది మామొసా. ఆవిడ అప్పటికే బట్టల మూట పక్కన పెట్టుకుని కూచుంది.

మొరేనా గడ్డం గోక్కున్నారు. "ఇంకెవరైనా చూశారా?"

గోడవతల ఏదో ఆవు ముక్కు చీదింది, అంతే. నాకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. ఇంతమంది ఊపిరి బిగబట్టి ఒక్క మనిషిని చూస్తే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

"నేను చూశాను" అన్నారు ఫకీసో మాస్టారు. "ఏడూ నలభైకి. చీకటి వైపు. చంద్రుడి మీద రాయి పడింది. ఏటా ఈ రోజుల్లో పడుతూనే ఉంటాయి. అందులో మంత్రం లేదు."

అన్నదెవరు? వాన పడుతోందని ఒంటరిగా ఒప్పుకోని మనిషి.

"మాస్టారూ," అన్నారు మొరేనా నెమ్మదిగా, "మీ పద్ధతి ప్రకారం ఇంకొకరు ఉండాలి కదా."

ఆయన నావైపు తిరిగారు. నుదుటి మీద చెమట కనబడింది.

"నేనూ చూశాను" అన్నాను. "వరండాలోంచి."

మొరేనా లేచి దుప్పటి దులుపుకున్నారు. "ఇద్దరు చూశారు. ముగ్గురు చూశారు. అది ఆవిడ సొంత చంద్రుడు కాదు. మొఖాలీ, మీ వదిన మూట నువ్వే మోసుకెళ్లి ఇంట్లో పెట్టు."

తరవాత రెండు వారాలు మాస్టారు అన్నం సరిగా తినలేదని ఆయన భార్య చెప్పింది. అబద్ధం ఆయనకి అలవాటు లేదు, అరగలేదు.

జనవరి చివర ఒక మధ్యాహ్నం క్లినిక్ తలుపు తోసుకుని వచ్చారు. మనిషి మొహంలో రక్తం లేదు. చేతిలో కాగితం. ఇటలీలో ఆయనలాగే మెరుపులు వెతికే ఇద్దరు మిత్రులు, వంద కిలోమీటర్ల ఎడంలో ఉన్నవాళ్లు, తమ లెక్కలు పంపారు. ఆ సాయంత్రం, మన గడియారంలో ఏడూ నలభై ఒకటికి, చంద్రుడి చీకటి భాగంలో మెరుపు. వాళ్లు అన్నేళ్లలో చూసినవాటన్నిటికన్నా పెద్దది. దుర్బిణి లేకుండా కనబడగలిగినంత.

నా చేత ఆ కాగితం ఇంకోసారి చదివించుకున్నారు.

"మనం నిజమే చెప్పాం" అన్నారాయన గుసగుసగా. "మనకే తెలీదు."

కొండెక్కి ఆవిడ దగ్గరికి వెళ్లాం. మామొసా గుమ్మంలోనే ఉంది. మాస్టారు నిలబడి, బడిలో తప్పు ఒప్పుకునే పిల్లాడిలా చేతులు కట్టుకుని మొత్తం చెప్పారు. మెరుపు నిజం, మా సాక్ష్యం అబద్ధం.

"ఆ రాయికీ మావాడికీ సంబంధం ఉందా, నాయనా?"

"లేదు, మ్మె. అది ఎవరి కోసమూ పడదు."

"మావాడి మీద పడ్డ రాయీ అంతే. ఎవరి కోసమూ పడలేదు" అంది. తరవాత ఆవిడ పెదవి చివర కొంచెం నవ్వొచ్చింది. "మీ అబద్ధం సంగతంటావా, అది అందరికీ తెలుసు. ఆ సాయంత్రం నువ్వు గుర్రం మీద ఒక్క పక్కకి ఒరిగి, మూలుగుతూ క్లినిక్‌కి పోతుంటే చూడనివాళ్లెవరు? బాటలో పక్కకి తప్పుకుని నీకు దారిచ్చింది మొరేనాయే."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "మరి ఆయన ఎందుకు..."

"ఆయనకీ ఎవరో ఒకరు నోరు విప్పాలి కదా." ఆవిడ మోకాలి మీద చెయ్యి ఆన్చి ఆయన్నే చూసింది. "ఒకటి చెప్పు. ఆ రోజు ఏ కాగితమూ రాలేదు. నేనొక్కదాన్నే చూశానన్నాను. నువ్వు నమ్మావా?"

"నమ్మాను, మ్మె."

"ఒక్కదాన్నే చెప్పినా?"

"ఒక్కరే చెప్పినా."

"అయితే లోపల పొయ్యి మీద టీ మరిగింది. వెళ్లి పోసుకురా, ముగ్గురికీ."

గుమ్మంలోంచి చూస్తే పొయ్యి కనబడదు. ఆయన నావైపు తిరగలేదు. తల వంచుకుని లోపలికి వెళ్లారు, కప్పుల చప్పుడు వినబడింది.