ఆర్విల్ పొద్దుటి పోట్లాట

ఎవరో ఒకరితో పోట్లాడితే తప్ప ఆర్విల్ స్టెన్‌రూడ్‌కి పొద్దుటి కాఫీ గొంతు దిగదు. విన్నిపెగ్‌లోని ఆ వృద్ధాశ్రమంలో ఆయన చక్రాల కుర్చీ కిర్రుమంటే చాలు, హెడ్ నర్సు రోండా కూజిక్‌కి తలనొప్పి మొదలయ్యేది.

కారణం అక్కర్లేదు. రైల్వేలో రిటైరైన పెద్దాయన మంచం దగ్గరికెళ్లి, "మీ రైళ్లు ఏనాడైనా వేళకొచ్చాయటయ్యా?" అనేవాడు. పెద్దాయన దుప్పటి విసిరికొట్టి లేచేవాడు. లెక్కల టీచరమ్మతో, "ఏడెనిమిదులు యాభై నాలుగే కదండీ?" అని వాదించేవాడు. ఆవిడ కర్ర పుచ్చుకుని భోజనాల హాలు దాకా తరిమేది.

"ఆర్విల్ గారూ, వాళ్లని ప్రశాంతంగా ఉండనివ్వరా?" అని రోండా మొత్తుకునేది.

"ముందుంది కదమ్మాయ్, బోలెడంత ప్రశాంతత!"

ఆ చలికాలంలో అగాథా ఫ్రీసెన్ వచ్చింది. జీవితమంతా బేకరీ నడిపిన మనిషి. భర్త పోయాక గోడవైపు తిరిగి పడుకుంది. తిండి లేదు, మాట లేదు. "మా బంగారం కదూ, ఒక్క చెంచా సూపు తాగు" అని అందరూ బుజ్జగించడమే. ఆ గదివైపు వెళ్లొద్దని రోండా ఆర్విల్‌కి మరీమరీ చెప్పింది. మర్నాడే ఆ గదిలో కుర్చీ కిర్రుమంది.

"ఏమండీ, మీ దాల్చినచెక్క బన్ను కొరికి మా బావమరిదికి పన్నూడిందట!"

రోండా పరుగెత్తుకొచ్చేసరికి దుప్పటి కదిలింది.

"ఎవడా బావమరిది?" అంది అగాథా. ఆశ్రమానికొచ్చాక అదే ఆవిడ తొలిమాట.

"వాడేమిటి, ఊరంతా అదే అంటోంది."

"ఊరి మొహం! నా స్వెటరేదీ? ఇక్కడ వంటగదెక్కడ?"

మధ్యాహ్నానికి ఆశ్రమమంతా వెన్న వాసన. అగాథా ఎదురుగా నిలబడి తినిపించింది. ఆర్విల్ మూడు బన్నులు లాగించి, మూతి తుడుచుకుని, "పర్వాలేదు. మధ్యలో కాస్త పచ్చి" అన్నాడు.

"రేపు రా, నీ సంగతి చెప్తా!" అని కసిరి, ఆ కోపంలోనే తనూ ఒక బన్ను తినేసింది.

రోండా ఆయన్ని నడవాలోకి లాక్కెళ్లింది. "మీకు అసలు బావమరిదే లేడు కదా?"

"లేడు. నేనొచ్చిన కొత్తలో అందరూ చంటిపిల్లాడితో మాట్లాడినట్టే మాట్లాడారమ్మాయ్. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. పోయాననే అనుకున్నా."

రోండా ఆయన ఒళ్లో పడ్డ బన్ను పొడి దులిపింది. "బన్ను నిజంగానే పచ్చిగా ఉందా?"

ఆర్విల్ గొంతు తగ్గించాడు. "అంత గొప్పది జన్మలో తినలేదు. ఆవిడకి చెప్పావో, మళ్లీ పడుకుంటుంది."

రోండా నవ్వు దిగమింగుకుని వంటగదిలోకి తల పెట్టింది.

"అగాథా గారూ, ఆయన మాటా నిజమేనండోయ్. మధ్యలో కాస్త పచ్చే!"