టైటానియం పూత, తడి తువ్వాలు

అప్పట్లో నాకు ముక్కు మీదే కోపం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. గుంటూరు శివార్లలోని ఒక కాలేజీ ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నాను. చిలకలూరిపేట మిల్లుల్లో నూలుదారం పరుగెత్తీ పరుగెత్తీ ఉక్కు కొక్కేలకే గాడి పెట్టేస్తుంది. ఆ కొక్కేల మీద అరగని పింగాణీ పూత రప్పించడం నా పని. బ్రష్షుతో పూసేది కాదు. క్వార్ట్జ్ గొట్టంలో కొక్కేలు పెట్టి, కొలిమిలో బాగా వేడెక్కించి, రసాయనం ఆవిరి పంపితే, ఆ ఆవిరే లోహం మీద గట్టి పొరగా పేరుకుంటుంది. వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందం కూడా ఉండదు. చెప్పడానికి ఇంతే. నాకు మాత్రం రెండేళ్లుగా పొర పడటం, పొట్టులా రాలిపోవడం.

మా ల్యాబ్ అటెండరు నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. అంతకుముందు మిర్చి యార్డులో బస్తాలు మోశాడు. కొలిమి దగ్గర ఏ వాసన వచ్చినా తువ్వాలు తడిపి ముక్కుకి కట్టుకునేవాడు.

"మీరూ కట్టుకోండి మేడమ్. మిరపకాయ ఘాటే ఆగిపోద్ది దీనికి."

"నాకేం అక్కర్లేదు. ముందు ఆ గొట్టం తుడవండి," అని కసిరేదాన్ని.

ఆ వేసవిలో రసాయనం మార్చాను. పాతది పొడి. కొత్తది టైటానియం టెట్రాక్లోరైడ్ అనే ద్రవం. గాలిలో తేమ తగిలితేనే తెల్లగా పొగలు కక్కుతుంది. నీళ్లు తగిలితే భగ్గున వేడెక్కి యాసిడ్ పుట్టిస్తుంది. ఈ సంగతి నోట్‌బుక్కులో రాసుకున్నాను, గైడు గారికి చెప్పాను. అటెండరుకి చెప్పలేదు. మరిచిపోయానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆయనకెందుకులే కెమిస్ట్రీ అనుకున్నాను.

వారం తిరగకముందే ఒక మధ్యాహ్నం, కొలిమిలో పూత పని పూర్తికావస్తుండగా, ఆ ద్రవం ఉన్న సీసా మెడ దగ్గర చిట్లింది. గదంతా తెల్లటి పొగ. నేను తలుపు దగ్గరికి పరుగెత్తి, "బయటికి వచ్చేయండి!" అని అరిచాను.

"మీరెళ్లండి మేడమ్, నేను ఆపేస్తా!"

ముక్కుకి తడి తువ్వాలు బిగించి, ఇంకో తడిగుడ్డ ముద్దచేసి చిట్లిన చోట అదిమాడు. బుస్సుమంది. చిమ్మిందంతా ఆయన ముఖాన పడింది. అలాంటి అరుపు నేను మళ్లీ వినలేదు.

ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి వెలుగు తప్ప ఇంకేమీ తెలియదన్నారు.

మర్నాడు చల్లారిన గొట్టం తెరిచాను. కొక్కేల మీద పొర గోటితో గీకినా, చాకుతో గీకినా రాలేదు. ఛీ, ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. ఆ పొర ఫొటోనే నా థీసిస్‌లో ఉంది.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్తే వరండాలో ఆయన భార్య కూర్చుని ఉంది. ఆవిడ ఇంకా యార్డులో తొడిమలు తీసే పనికి వెళ్తోంది. నన్ను చూడగానే లేచి వచ్చింది.

"తడి తగలబట్టే ఇంత పని జరిగిందంట కదమ్మా. యార్డులో చేరిన కొత్తలో ఘాటుకి తాళలేక అల్లాడతంటే, గుడ్డ తడిపి కట్టుకోమని నేర్పింది నేనేనమ్మా. నా చేతులారా నేనే ఆయన కళ్లు తీశానా?"

కాదు, చెప్పాల్సింది నేను, చెప్పలేదు. ఆ ఒక్క మాట అంటే చాలు. కాలేజీలో విచారణ, ఆగిపోయే డిగ్రీ, రెండేళ్ల చాకిరీ అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"ఊరుకోండమ్మా," అన్నాను. "మీరు తెలియక చేశారు కదా."

ఆవిడ ఏడుస్తూనే రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది.