తడి బనీను

మే మొదటి వారంలో, మధ్యాహ్నం ఒంటిగంటకు కడప స్టేషన్లో దిగాను. ఊరికి నాలుగు మైళ్ల అవతల, రాళ్ల మైదానంలో సైన్యం పెట్రోలు డిపో. చెట్టన్నది లేదు. మాది మంటలార్పే దళం, మూడు నెలల డ్యూటీ. ఆలూరువాణ్ణి, ఎండ నాకేం కొత్త అని దారంతా గొప్పలు చెప్పుకుంటూ వెళ్లాను.

నిప్పంటుకోని రాతినార కోటును చూశాక నోరు మూతపడింది. మంటల్లోకి వెళ్లేవాడు తలనుంచి కాళ్లదాకా అందులోనే ఉండాలి. బరువు నలభై పౌన్లు. ముఖానికి అద్దం. గుడ్డ పట్టీలు వీపున ఉంటాయి, ఇంకొకడు కట్టాలి, ఇంకొకడే విప్పాలి. మా దళంలో లోపలికి వెళ్లేవాడు ప్రొద్దుటూరు మనిషి. కోటు కట్టేది, అతని నడుముకు కట్టిన తాడు బయట పట్టుకునేది నేను. రోజూ రెండు గంటలకు ఎండలో కసరత్తు. పది నిమిషాలకే అతను సొమ్మసిల్లేవాడు.

మా ఇంట్లో నీళ్లకుండకు తడి గోనె చుడతారు. అదే ఉపాయం చేశాను. అతని బనీను తడిపి, వీపున తడి గోనె పరిచి, పైన కోటు కట్టాను.

"మహానంది గుండంలో దిగినట్టుండాదప్పా!" అన్నాడు.

మా హవల్దారు కర్నూలు సాయిబు. "శానా తెలివైనోడివి లేప్పా" అని నా భుజం తట్టాడు. నేను ఉబ్బిపోయాను.

జూన్‌లో ఒకరోజు మూడున్నరకు పెట్రోలు పీపాలు అంటుకున్నాయి. మంటల వెనక ట్యాంకు వాల్వు మూయాలి. ఎప్పటిలాగే తడిపి, కట్టి పంపాను. మూడో నిమిషంలో తాడు ఆగకుండా అదిరింది. లాగాను. తూలుతూ వచ్చాడు.

"ఉడుకుతాండానప్పా! ఇప్పు! ఇప్పు!"

కసరత్తులో ఎండే గాని మంట లేదు. మంటలో నేను పోసిన నీళ్లు ఆవిరయ్యాయి. ఆ కోటు ఆవిరిని బయటికి పోనివ్వదు. ముడులు తడికి బిగుసుకున్నాయి. నా గోళ్లు విరిగాయి.

"కత్తి యాడుండాది?" హవల్దారు అరిచాడు. కత్తి లారీలో ఉంది. అది వచ్చేసరికి నాలుగు నిమిషాలు. అంతసేపూ ఆ ముడులే పీకుతూ ఉన్నాను.

ఆసుపత్రిలో మూడో రోజు పోయాడు. కోటు లోపల తడి ఉండరాదని తరువాత ఆర్డరు వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆగస్టులో ఆలూరు చేరాను. కడప ఎట్లుండాదని అడిగినవాళ్లకు ఎండలని చెప్పాను. ఇన్నేళ్లయినా కళ్లు మూస్తే ఒకటే కనిపిస్తుంది. వీపున ముడి పీకుతుంటే నిలవలేక అతను నావైపు తిరిగాడు. అద్దమంతా లోపల ఆవిరి పట్టి తెల్లగా ఉంది. నుదురు ఆనించినంత మేర మాత్రం చెరిగి, ఆ కాస్త చోట ఎర్రటి చర్మం కనబడింది.