మైదాకు కంచె

నా చిన్నప్పుడు మెట్‌పల్లిలో మా ఇంటి వెనకనే సర్కారు బంగ్లా ఉండేది. నిజాం కాలంలో ఒక పెద్ద అధికారి దాన్ని కట్టించుకున్నాడట. ఆయన బేగం పరదాలో ఉండేది. తోట చుట్టూ మైదాకు కంచె నాటించింది ఆమే. ఆ కంచె సందులోంచే ఆమెకూ మా నాయనమ్మకూ దోస్తీ కుదిరింది. ఇటునుంచి సకినాలు పోయేవి, అటునుంచి మైదాకు వచ్చేది. రాజ్యం మారి, బంగ్లా సర్కారుదై, ఆ కుటుంబం ఊరు విడిచిన రోజు బేగం ఆ సందులోంచే చెయ్యి చాపి, "జర నా చెట్లను చూడు" అన్నదట. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు సరిగ్గా చూసుకున్నది కూడా లేదు. అయినా మా నాయనమ్మకు మాట అంటే మాటే.

ఆంధ్రప్రదేశ్ వచ్చాక, పాడుబడ్డ ఆ తోటను బాగు చేయించడానికి గోదావరి వైపు నుంచి ఓవర్సీరు ఒకాయన వచ్చాడు. ఎండిపోయిన ఫౌంటెన్‌కు నీళ్లు వస్తాయన్నారు, గులాబీలు పెడతామన్నారు. కంచె మాత్రం పీకేసి ఇనుప తీగ కట్టిస్తారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాయనమ్మకు అన్నం సయించలేదు.

"సారూ, గా మైదాకు జోలికి పోకుర్రి," అని బతిమాలింది.

"మైదాపిండి తెలుసుగానీ మైదాకేమిటండీ మామ్మగారూ? మేకలు కొరికిన ముళ్లకంప!" అని ఆయన నవ్వేశాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన టోపీ మీదికి రాయి విసురుదామన్నంత కోపం వచ్చింది.

నాయనమ్మ మళ్లీ అడగలేదు. మధ్యాహ్నం ఆయన మా అరుగు మీద కూలబడి, ఎండకు అరికాళ్లు మండిపోతున్నాయని అల్లాడుతుంటే, "కాళ్లు సాపు బిడ్డా," అంటూ పచ్చగా నూరిన ముద్ద తెచ్చి తానే మెత్తింది. వద్దు వద్దంటూనే ఆ చల్లదనానికి ఆయన కునుకు తీశాడు. లేచి కడుక్కుంటే అరికాళ్లు ఎర్రగా పండి ఉన్నాయి. ఆ రంగును వేలితో రుద్ది చూశాడు.

"ఇది గోరింటాకు కదండీ! ఆషాఢంలో మా అమ్మ నన్ను కూడా వదిలేది కాదు."

"మీరు గట్లంటరా? గదే బిడ్డా, నువ్వు పీకియ్యవట్టిన చెట్టుదే."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. కంచెను పీకించలేదు, చక్కగా కత్తిరింపించాడు. ఆ ఎర్రకాళ్లు చూసి "సారు పెండ్లికొడుకైండు" అని కూలీలు ఆటపట్టిస్తే అందరికంటే ముందు ఆయనే నవ్వాడు. ఆ సాయంత్రం నా చేతికి మైదాకు పెడుతూ నాయనమ్మ, "గామె చెట్లు బతికినయి తియ్," అన్నది. అన్నం కూడా కడుపునిండా తిన్నది.

నా కోపం ఈ వయసుకు కూడా తగ్గలేదు. నా మాట ఎదుటివాళ్లకు అందకపోతే చాలు, గొంతు లేస్తుంది. అప్పుడు నాయనమ్మ మైదాకు పెట్టిన అరచెయ్యి ఒకసారి చూసుకుంటాను. నోరు మూసుకుని, నేను చెప్పదలుచుకున్నదేదో తెచ్చి వాళ్ల చేతిలో పెడతాను.