మూతపడని బ్రౌజర్, నాకొచ్చిన అవార్డు

గచ్చిబౌలిలో మా ఆఫీసు ఏడో అంతస్తులో పదకొండేళ్లుగా ఒకే కిటికీ పక్కన కూర్చుంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో జనానికి చెప్పే సూచనలు రాయడం నా ఉద్యోగం. "ముందుగా బ్రౌజర్‌ను మూసివేయండి" అన్న వాక్యం కొన్ని వందల సార్లు రాసి ఉంటాను. ఆ పని ఎవరికైనా కష్టం కావచ్చని ఎప్పుడూ అనుకోలేదు.

పోయిన వేసవిలో నాకే కష్టమైంది. ఒక సాయంత్రం పని ముగించి, బ్రౌజర్ మూలనున్న ఇంటూ గుర్తు నొక్కాను. పేజీ మాయమైంది. కంప్యూటర్ ఆపబోతే మాత్రం, బ్రౌజర్ ఇంకా నడుస్తోంది కాబట్టి ఆపడం కుదరదని తెర మీద వచ్చింది. మళ్లీ తెరిచి, ట్యాబులన్నీ ఒక్కొక్కటే మూసి, మళ్లీ ఇంటూ నొక్కాను. అదే మాట. ఈలోగా నల్లగండ్ల వెళ్లే ఆఫీసు బస్సు నేను చూస్తుండగానే గేటు దాటిపోయింది. చేసేది లేక ల్యాప్‌టాప్ మూత దించేసి, సంచిలో పెట్టుకుని బైక్ టాక్సీ ఎక్కాను. దారంతా సంచి ఒళ్లో వేడిగానే ఉంది.

మర్నాడు హెల్ప్‌డెస్క్‌కి ఫిర్యాదు పెట్టాను. మా ఆఫీసులో దాన్ని టికెట్ అంటారు. పది నిమిషాల్లో జవాబొచ్చింది: "కంప్యూటర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయగలరు." ఆగకపోవడమే నా ఫిర్యాదని రాశాను. "మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం" అని టికెట్ మూసేశారు. రెండోది పెట్టాను. ఈసారి ఫోటో అడిగారు. మూతపడకపోవడాన్ని ఫోటో ఎలా తీయాలో తెలియక, తెర మొత్తం తీసి పంపాను. "ఫోటోలో బ్రౌజర్ మూసే ఉంది" అని అదీ మూసేశారు. మూయడం వాళ్లకు బాగా వచ్చు.

మూడో టికెట్ ఒకటి పెట్టి ఊరుకున్నాను. రెండు వారాలకు అలవాటు పడిపోయాను. సాయంత్రం మూత దించేయడం, ఇంటికెళ్లి డైనింగ్ టేబుల్ మీద చార్జింగ్ పెట్టి వదిలేయడం.

ఆ నెలాఖరున మా మేనేజర్ అందర్నీ పెద్ద హాల్లోకి పిలిచాడు. భీమవరం వైపు మనిషి, మహా మర్యాదస్తుడు. అంకితభావానికి ఇచ్చే అవార్డుకి నా పేరు చదివాడు.

"మేడమ్ గారు రోజుకి సగటున పంతొమ్మిది గంటలు సిస్టమ్ మీద ఉన్నారండీ. మనందరికీ స్ఫూర్తి అండీ!"

పంతొమ్మిది అనగానే నాకు అనుమానం రావాలి. రాలేదు. ఈమధ్య బాగా అలసటగా ఉంటోంది, ఇందుకే కాబోలు అనుకున్నాను. ఫోటో తీయించుకుని చుట్టాల గ్రూపులో పెట్టాను. మా అత్తగారు, "ఒళ్లు జాగ్రత్తమ్మా, అంత పని మంచిది కాదు" అని రాసింది. కళ్లు చెమర్చాయి. నాతో పాటు మరో ఇద్దరికి అవార్డు వచ్చింది. ముగ్గురమూ ఉద్యోగుల ఆరోగ్య కమిటీలో సభ్యులమే. అది మా క్రమశిక్షణ అనుకున్నాం.

అదే వారం నా పక్క సీటు అమ్మాయి తన ఫోన్ నా ముందు పెట్టింది. మేడ్చల్ నుంచి వచ్చిన పిల్ల, పని నాకంటే వేగంగా చేస్తుంది.

"అక్కా, గీ మెయిల్ చూడు. నా గంటలు సగటు కంటె తక్కువున్నయంట. గిట్లనే ఉంటే నోటీస్ ఇస్తరంట."

"నువ్వు ఐదింటికే వెళ్లిపోతున్నావు కదమ్మా," అన్నాను, అవార్డు వచ్చిన మనిషి గొంతుతో.

"పని ఒడగొట్టుకునే పోతున్న కదక్కా. క్రెష్‌ల పిల్ల ఎదురుచూస్తది. పని అయినంక సిస్టం బంద్ చెయ్యొద్దా ఏంది?"

సమయాన్ని ఎలా వాడుకోవాలో నేను ఆమెకు పావుగంట చెప్పాను. ఆమె తలూపుతూ విన్నది. ఆ పావుగంట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నా మూడో టికెట్‌కి జవాబుగా ఒక మనిషే వచ్చింది. రోజూ బోరబండ నుంచి లోకల్ రైల్లో వచ్చే సపోర్ట్ ఇంజనీరు, నా వయసు ఆవిడే. "జర లేవుండ్రి మేడమ్" అని నా కుర్చీలో కూర్చుంది. కంప్యూటర్‌లో నడుస్తున్నవాటి జాబితా తెరిచి, పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"మీరు బంద్ చేస్తున్రు మేడమ్. కాని ఎనక నడుస్తనే ఉన్నది. గీ చిన్న ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని కూసున్నది."

ఆమె వేలు పెట్టిన చోట పచ్చటి ఆకు బొమ్మ. ఆ బొమ్మ ఎంచింది నేనే. అది మా ఆరోగ్య కమిటీ తయారు చేయించిన ప్రోగ్రామ్. సాయంత్రం ఆరు దాటాక ఎవరైనా పని చేస్తుంటే, ఇక చాలు, ఇంటికి వెళ్లండి అని గుర్తు చేయడం దాని పని. ఎవరు ఇంటికి వెళ్లలేదో కనిపెట్టాలంటే అది మేలుకుని ఉండాలి కదా. అందరికంటే ముందుగా, పరీక్ష కోసం, కమిటీ సభ్యుల కంప్యూటర్లలో వేశారు.

"బ్రౌజర్ ఎంతసేపు నడిస్తే అంతసేపు మీరు పని చేసినట్టు కంపెనీ హాజరు సిస్టం రాసుకుంటది," అందామె.

"మూత దించేసి నేను నిద్రపోతున్నా కూడానా?"

"మీరు పండుకుంటరు మేడమ్. అది పండుకోదు గద!"

నా పంతొమ్మిది గంటలు ఎక్కడివో అప్పుడు అర్థమైంది. దాన్ని తీసెయ్యమన్నాను.

"నాకు పర్మిషన్ లేదు. ఆరోగ్య కమిటీల ఎవరన్న ఒప్పుకోవాలె. ఆళ్లు దొరుకుడే కష్టం మేడమ్. గీ ప్రోగ్రామ్ గురించి మూడు సార్లు మెయిల్ పెట్టిన."

ఆ మూడు మెయిళ్లూ నా ఇన్‌బాక్స్‌లో, తెరవకుండా, వరసగా ఉన్నాయి. నేనే సభ్యురాలినని చెప్పి, ఒప్పుకుంటున్నానన్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నోటితోని కాదు మేడమ్. మెయిల్ పెట్టుండ్రి."

కుర్చీ నాకు ఇచ్చి పక్కన నిలబడింది. జానెడు దూరంలో ఉన్న మనిషికి "గౌరవనీయులైన" అని మొదలుపెట్టి మెయిల్ రాశాను. ఆమె ఫోన్‌లో చదువుకుని, ఆకుబొమ్మను తీసేసి, ఇంటూ నొక్కింది. బ్రౌజర్ మూతపడింది.

వెంటనే మేనేజర్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను.

"ఇప్పుడవన్నీ ఎందుకండీ? మీ ఫోటో లాబీలో పెట్టేశాం కూడానండీ."

"ఫోటో సంగతి మీ ఇష్టం. ఆ అమ్మాయికి పంపిన మెయిల్ వెనక్కి తీసుకోండి."

"ఆవిడ గంటలు నిజంగానే తక్కువ కదండీ."

"ఆవిడవి నిజం గంటలండీ. తప్పుడు లెక్క మా ముగ్గురిదీ. కమిటీకి నేనే రాసి ఇస్తాను."

ఆ రోజే రాసి ఇచ్చాను. వారం తిరిగేసరికి ఆ అమ్మాయికి వచ్చిన మెయిల్ రద్దయింది. అవార్డు మాత్రం రద్దు కాలేదు. ఇచ్చేందుకే ఫారం ఉందట, వెనక్కి తీసుకునేందుకు లేదట.

పక్క సీటు అమ్మాయికి జరిగిందంతా చెప్పి, నా ఉపదేశానికి క్షమించమన్నాను.

"అయితే ఆ అవార్డు నీ ల్యాప్‌టాప్‌కి ఇయ్యాలె గదక్కా," అని నవ్వింది. "ఇడ్సిపెట్టు, ఏం ఫికర్ లేదు." అలా అన్నదే కానీ, ఆ రోజు నాతో టీకి రాలేదు. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు రాలేదు.

మరుసటి నెల నా గంటలు ఎనిమిదికి పడిపోయాయి. కంప్యూటర్ దానంతట అదే నాకొక మెయిల్ పంపింది: పని మీద ఆసక్తి తగ్గినట్టు గమనించాం, మీ కోసం కౌన్సిలర్‌ను ఏర్పాటు చేశాం. వెళ్లాను. మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, ఇంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయా అని ఆవిడ ఎంతో దయగా అడిగింది. మొదటి నుంచీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ఓపిగ్గా రాసుకుని, నా చెయ్యి పట్టుకుని, మీకు విశ్రాంతి కావాలి అంది. అయిదు రోజులు సెలవు రాసిచ్చింది. నేను వద్దనలేదు.