మూడో టింగు

ఆ రోజుల్లో నా మాటకు చుక్క ఉండేది కాదు. చెప్పడమూ అడగడమూ ఒకే ఊపిరిలో పోయేవి. "చెప్పతా ఉండావో అడగతా ఉండావో తెలిసేదెట్లా మే" అని మా ఆయన విసుక్కునేవాడు. ఆయన పోయాక బెంగళూరు హూడిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టీలు అందించే పనికి కుదిరాను. ఆ నోరే నాకక్కడ పేరు తెచ్చింది. (రాసేది మా కోడలు, నాకు సంతకం వరకే చదువు.)

కొత్తగా చేరిన అనంతపురం అమ్మాయిని కళ్లద్దాల వల్ల సోడాబుడ్డి అనేదాన్ని. డీబగ్గర్ అని ఒకటి ఉందట, నడిచే ప్రోగ్రాంను మధ్యలో ఆపి తప్పు వెతకడానికి. అది నల్ల తెర మీద అక్షరాలతోనే మాట్లాడుతుంది. దానికి తెర మీదే నొక్కే బొత్తాలున్న కిటికీ కట్టడం సోడాబుడ్డి పని. డీబగ్గర్ ఊరికే చెబుతోందో, జవాబు కోసం ఆగిందో తెలియక ఆ కిటికీ బిగుసుకుపోయేది. ఒకరోజు మధ్యాహ్నానికల్లా ఆఫీసు పెద్దవాళ్లకు దీనికొక దారి చూపించకపోతే పని ఇంకొకరికి పోతుందన్నారు. ఆ పొద్దున టీ ఇవ్వబోతే సోడాబుడ్డి నా చేయి పట్టుకుంది.

"ఆంటీ, ఈపొద్దు మా డీబగ్గర్ మీరే."

"నాకేమొస్తాదమ్మా?"

"నిలపకుండా మాట్లాడేది వస్తాది గదా."

మధ్యాహ్నం పెద్దవాళ్ల ముందు ఆఫీసులోని ఒక పొడుగు అబ్బాయి కిటికీ వేషం కట్టి, నాకు వీపు తిప్పి కూర్చున్నాడు. "ప్రోగ్రాం నిలిచిండాది పదో గీత కాడ నిలిచిండాది ఇంకా ప్రాణముండాది చంపేసేదా" అని సోడాబుడ్డి నేర్పిన మాటలన్నీ ఒకే ఊపిరిలో అన్నాను. (తలుపు దగ్గర వాచ్‌మన్ తొంగి చూశాడు.) అబ్బాయి తన ధోరణిలో "తర్వాతి గీత" అన్నాడు.

"చంపేసేదా అంటే తర్వాతి గీత అంటావేమప్పా?"

"మీరు అడిగినట్టే లేదు ఆంటీ."

పెద్దసారుకు టీ పొలమారింది. "ఇదే నమ్మ ప్రాబ్లం, మన ప్రాబ్లం" అన్నాడు.

అప్పుడు సోడాబుడ్డి నా చేతికి చెంచా ఇచ్చింది. అడగబోయే ముందు ఒక టింగు. అడగడం అయ్యాక ఇంకొకటి, అంటే ఇక నీ వంతు అని. జవాబు అందాక మూడోది. ఏం చేయమంటావు అని అడిగితే టీ గ్లాసు మీద, అవునా కాదా అని అడిగితే దాని కింది పళ్లెం మీద. అసలు డీబగ్గర్ కూడా మనుషులు టైపు చేయని గుర్తులు రెండు పెట్టి, వాటి వెనకే అది ఏ రకం ప్రశ్నో పేరు చెబుతుందట. కిటికీ వాటి కోసం చెవి పెడితే చాలు.

పళ్లెం మీద టింగుమనిపించాను. "చంపేసేదా?" టింగు. "అవును." టింగు. గదంతా చప్పట్లు. పని సోడాబుడ్డికే నిలిచింది. ఆ తర్వాత ఆఫీసుకు ఎవరొచ్చినా "మా మొదటి డీబగ్గర్ ఈమే" అని చూపించేది. నేను కొంగు సర్దుకుని నిలబడేదాన్ని.

ఇప్పటికీ పొద్దున్నే ఆయన ఫోటో ముందు కాఫీ పెట్టి, పళ్లెం మీద చెంచా తగిలించి, "చక్కెర చాలునా?" అని అడిగి, మళ్లీ తగిలిస్తాను. అడుగుతున్నానని ఈసారైనా ఆయనకు తెలిసే ఉంటుంది. మూడో టింగు మాత్రం కొట్టను. జవాబు రావాలి కదా.